కార్డు తాకిస్తే చాలు.. పెద్దవాళ్లకు గ్రీన్ సిగ్నల్ ఇంకాసేపు! సింగపూర్‌లో ఇది ఎలా పనిచేస్తోందంటే..

సగం రోడ్డు దాటేసరికే సిగ్నల్ మారిపోతుంది. ముందుకు వెళ్లాలో, వెనక్కి రావాలో తెలియదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది రోజూ ఉండే భయమే. ఆ భయంతోనే చాలామంది మార్కెట్‌కు, గుడికి, ఆఖరికి ఆస్పత్రికి కూడా ఒంటరిగా వెళ్లడం మానేస్తారు. ఈ సమస్యకు సింగపూర్ ఒక చిన్న కార్డుతో దారి చూపింది.

5 సెకన్ల తేడా!

పాదచారుల సిగ్నల్ టైమ్‌ను సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడకను లెక్కేసుకుని పెడతారు. అంటే 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు. కానీ కర్ర సాయంతో సెకనుకు 0.8 మీటర్లే నడిచేవాళ్లకు అదే రోడ్డుకు 15 సెకన్లు కావాలి. తేడా 5 సెకన్లే. కానీ ఆ 5 సెకన్లూ వాళ్లు బండ్ల మధ్యలో ఉంటారు.

గ్రీన్ మ్యాన్ ప్లస్ అంటే?

సింగపూర్ ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ 2009లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అక్కడ 60 ఏళ్లు దాటినవాళ్లకు బస్సు, మెట్రోల్లో రాయితీ కార్డు ఉంటుంది. సిగ్నల్ స్తంభానికి ఉన్న రీడర్‌కు అదే కార్డు తాకిస్తే చాలు. రోడ్డు వెడల్పును బట్టి గ్రీన్ సిగ్నల్ 3 నుంచి 13 సెకన్లు అదనంగా ఉంటుంది. కార్డులోంచి డబ్బులేమీ కట్ కావు. దివ్యాంగులకూ ఈ సౌకర్యం ఉంది. కార్డు తాకించినప్పుడే టైమ్ పెరుగుతుంది కాబట్టి మిగతా సమయంలో ట్రాఫిక్‌కు ఇబ్బంది ఉండదు.

యాప్ అక్కర్లేదు.. అదే అసలు పాయింట్

ఇక్కడ యాప్ లేదు, ఓటీపీ లేదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే పని లేదు. టెక్నాలజీ మొత్తం స్తంభంలోనే ఉంది. పెద్దాయన చేయాల్సింది జేబులోని కార్డు తీయడమే. సింగపూర్ పౌరుల్లో ఇప్పటికే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి 65 ఏళ్లు దాటాయి. 2030 నాటికి నలుగురిలో ఒకరు ఆ వయసులో ఉంటారని అక్కడి ప్రభుత్వ అంచనా.

అన్నీ ఇలా కార్డుతో అయిపోవు కదా? అందుకే 2020లో 'సీనియర్స్ గో డిజిటల్' పేరుతో పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ వాడకం నేర్పించడం మొదలుపెట్టారు. అయినా నేర్చుకోలేనివాళ్లను వదిలేయలేదు. ప్రతి ఇంటికీ ఇచ్చే సీడీసీ వోచర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తాయి. ఫోన్ లేనివాళ్లు కమ్యూనిటీ క్లబ్‌కు వెళ్తే వాటినే కాగితం మీద ప్రింట్ తీసి ఇస్తారు.

టెక్నాలజీ ఒక్కటే చాలదు

వృద్ధులు ఎక్కువగా ఉండే ప్రాంతాలను 2014 నుంచి 'సిల్వర్ జోన్లు'గా మారుస్తున్నారు. అక్కడ బండ్ల వేగం తగ్గిస్తారు. రోడ్డు మధ్యలో ఆగే చోటు ఉంటుంది కాబట్టి రెండు విడతల్లో దాటొచ్చు. రోడ్డే సరిగ్గా లేకపోతే కార్డు రీడర్ పెట్టినా ఉపయోగం తక్కువే.

మరి మన దగ్గర?

హైదరాబాద్‌లో బటన్ నొక్కితే పాదచారులకు దారిచ్చే పెలికాన్ సిగ్నళ్లు ఇప్పటికే ఉన్నాయి. నడక నెమ్మదించినవాళ్లకు అదనపు సమయం ఇవ్వడం దానికి తర్వాతి మెట్టు అవుతుంది.

పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగకుండా 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఇప్పుడు ఇంట్లోనే ఫోన్ కెమెరాకు ముఖం చూపించి పని పూర్తి చేయొచ్చు. కాకపోతే స్మార్ట్‌ఫోన్ ఉండాలి, తెలియనివాళ్లకు పక్కన ఒకరు సాయం చేయాలి.

స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేసేది ఎల్డర్ లైన్. పెన్షన్ సందేహాలు, న్యాయ సలహా, వేధింపులపై ఫిర్యాదు.. దేనికైనా పెద్దవాళ్లు 14567కు ఉచితంగా కాల్ చేయొచ్చు. మామూలు బటన్ ఫోన్ ఉన్నా సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ నంబర్ వాళ్ల ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసి పెట్టండి.