లండన్ శ్మశానంలో మన బ్రౌన్ దొర

లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానానికీ మన తెలుగుకీ ఏమిటి సంబంధం? ఉంది. వేమన పద్యాలను అచ్చువేయించిన సి.పి.బ్రౌన్ సమాధి అక్కడే ఉంది!

ఒకప్పుడు లండన్‌లో చనిపోయినవారిని చర్చి ఆవరణల్లోనే పూడ్చేవారు. 1801లో 10 లక్షలున్న నగర జనాభా, 1851 నాటికి రెట్టింపు దాటింది. ఉన్న కాస్త జాగాలో శవం మీద శవం పూడ్చాల్సి వచ్చేది. దానికితోడు 1832లో కలరా! ప్యారిస్‌లోలా ఊరి బయట తోటలాంటి శ్మశానం కావాలని జార్జ్ కార్డెన్ అనే న్యాయవాది అప్పటికే పోరుతున్నాడు. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది. 1833 జనవరిలో కెన్సల్ గ్రీన్ మొదలైంది. నడిపింది ఓ ప్రైవేటు కంపెనీ.

చావులోనూ హోదా

1843లో మూడో జార్జి రాజు కొడుకును అక్కడ సమాధి చేయడంతో దాని దశ తిరిగింది. గొప్పింటివాళ్లంతా అక్కడే జాగా కొనుక్కోవడం మొదలుపెట్టారు. సుమారు 72 ఎకరాల్లో పాలరాతి దేవదూతలు, గ్రీకు మండపాలు... ప్రార్థన మందిరం కింద నేలమాళిగలు. శవపేటికను అందులోకి దించడానికి లిఫ్టులాంటి యంత్రం! కంప్యూటర్‌కు ఆద్యుడు చార్లెస్ బాబేజ్, నవలాకారుడు థాకరే, రవీంద్రుడి తాతగారు ద్వారకానాథ్ ఠాగూర్ ఉన్నదీ ఇక్కడే.

అప్పుచేసి అక్షరసేవ

కలకత్తాలో 1798లో పుట్టిన బ్రౌన్, 1820లో ఉద్యోగరీత్యా కడప వచ్చారు. అప్పటికి మన కావ్యాలు తాటాకుల్లో పురుగుల పాలవుతున్నాయి. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ప్రతులు సేకరించి సరిచూయించారు. అప్పులపాలైనా ఆగలేదు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో అచ్చువేయించారు. 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. స్వదేశం వెళ్లాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గానూ పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

కెన్సల్ గ్రీన్‌లో చాలామంది తమ పేరు నిలవాలని రాళ్లను నమ్ముకున్నారు. బ్రౌన్ అక్షరాన్ని నమ్ముకున్నారు. ఆయన నివసించిన కడప బంగళా చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. ఇబ్రహీంపట్నం బడిలో పిల్లలు వేమన పద్యం వల్లెవేసినా అందులో ఆయన శ్రమ ఉంది. లండన్‌కు వెళ్లి పూలు పెట్టడం అందరికీ కుదరదు. తెలుగు చదవడం తడుముకునే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క వేమన పద్యం చదివించండి. ఆ పద్యాన్ని తాటాకు పురుగుల నుంచి ఆయన కాపాడారు. మన ఇళ్లల్లో మరుపు నుంచి కాపాడాల్సింది మనమే!