కంప్యూటర్ రక్షణ సరుకు: ధర విక్రేతకు, నష్టం కొన్నవారికి

వేరుసెనగ కొనే వర్తకుడు బస్తాలోనుంచి నమూనా తీసి, తేమ, తాలు చూసి ధర కడతాడు. కంప్యూటర్ రక్షణ సాఫ్ట్‌వేర్ కొనేవారికి ఈ వీలు లేదు. ఏడాదిపాటు దొంగ రాకపోతే అది సరుకు గొప్పతనమో, అదృష్టమో తేలదు. నాణ్యత తెలియని కొనుగోలుదారు మంచి ధర పెట్టడనీ, దాంతో మంచి సరుకే మార్కెట్టు విడిచిపోతుందనీ జార్జ్ ఆకర్లాఫ్ 1970లో పాత కార్ల బేరాన్ని ఉదహరిస్తూ వివరించారు. కేంబ్రిడ్జికి చెందిన రాస్ ఆండర్సన్ 2001లో ఈ వాదనను కంప్యూటర్ రక్షణకు వర్తింపజేశారు.

అసలు చిక్కు నష్టపూచీ దగ్గర వున్నది. 2024 జూలై 19న అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ ఖాతాదారుల యంత్రాలకు దోషంతో కూడిన సవరణ ఫైలు పంపింది. 78 నిమిషాలలో వెనక్కు తీసుకున్నప్పటికీ, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. విమానాలు, బ్యాంకులు, ఆస్పత్రుల పని స్తంభించింది. దాడి చేసినవారెవరూ లేరు, కాపలాదారే తలుపు మూసివేశాడు! సుమారు 7,000 సర్వీసులు రద్దు చేసుకున్న డెల్టా ఎయిర్‌లైన్స్ తన నష్టం 50 కోట్ల డాలర్లన్నది. ఒప్పందం ప్రకారం తమ పూచీ కోటి డాలర్లకు లోపేనని క్రౌడ్‌స్ట్రైక్ న్యాయవాది జవాబిచ్చారు. తాము సాయం చేస్తామన్నా డెల్టా వద్దన్నదని కూడా ఆ కంపెనీ వాదన. వ్యవహారం అక్టోబరులో కోర్టుకెక్కింది. డెల్టా దావాలో అధిక భాగం విచారణకు అర్హమైనదేనని జార్జియా న్యాయమూర్తి 2025 మేలో నిర్ణయించారు.

మార్కెట్టు మాత్రం త్వరగానే మరిచిపోయింది. జూలై 18న 343 డాలర్ల వద్ద ముగిసిన షేరు మరునాడు 11 శాతం పడి, ఆగస్టు మొదట్లో 220 దిగువకు జారింది. 2025 ఫిబ్రవరిలో 400 దాటింది. అక్టోబరుతో ముగిసిన త్రైమాసికంలో 97 శాతం ఖాతాలు నిలిచాయని కంపెనీ ప్రకటించింది. ఇందులో వింత లేదు. వేలాది యంత్రాలలో సాఫ్ట్‌వేరు మార్చడం, సిబ్బందికి మళ్ళీ నేర్పడం ఖర్చుతో కూడిన పని. పైగా అందరూ కొనే పేరున్న సరుకు కొన్న అధికారిని, నష్టం వచ్చినా ఎవరూ నిలదీయరు.

సర్టిఫికెట్ల సంగతీ ఇంతే. తనిఖీదారును కుదుర్చుకుని ఫీజు చెల్లించేది తనిఖీ చేయించుకునే సంస్థే. టార్గెట్ దుకాణాలు 2013 సెప్టెంబరులో కార్డుల రక్షణ ప్రమాణాలకు ధ్రువీకరణ పొందాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడే సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు చోరీ అయ్యాయి. కొన్న హెచ్చరిక పరికరం మోగనే మోగింది, పట్టించుకున్నవారు లేరు. ఈ తప్పు విక్రేతది కాదు.

ఐరోపా సమాజం 2024లో ఆమోదించిన ఉత్పత్తుల పూచీ చట్టంలో సాఫ్ట్‌వేరును కూడా చేర్చారు. 2026 డిసెంబరు 9 తర్వాత మార్కెట్టుకు వచ్చే సరుకుకు అది వర్తిస్తుంది. అయితే పరిహారం కోరే హక్కు వ్యక్తులకే, వ్యాపార సంస్థల నష్టాలు దాని పరిధిలోకి రావు.