అంగట్లో అడగాల్సింది అడుగుదాం, అరవకుండా

సాయంత్రం ఆరు దాటితే రేణిగుంటలో సరుకుల అంగళ్ళు కిటకిటలాడతాయి. రైలు దిగి ఇంటికి పోయేవాళ్ళు, కంపెనీలో షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్ళు, పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లులు అందరూ ఆ వేళకే బిల్లు కౌంటరు ముందు చేరతారు. మూడు కౌంటర్లుంటే ఒకటే పనిచేస్తుంటుంది. కందిపప్పు ఎక్కడుందని అడిగితే తల ఎత్తకుండా చెయ్యి మాత్రం చూపిస్తారు. అర మీద రాసిన ధర ఒకటి, బిల్లులో పడిన ధర ఇంకొకటి. చిల్లర లేదని రెండు చాక్లెట్లు చేతిలో పెడతారు. ఇంటికొచ్చి చూస్తే పిండి ప్యాకెట్టు మీద తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇది ఒక్క రేణిగుంట సంగతి కాదు. తిరుపతిలోనూ, చిత్తూరులోనూ, హైదరాబాదులోనూ మనవాళ్ళు చెప్పుకునే బాధ ఇదే. దీనికి మనం సాధారణంగా రెండు రకాలుగా స్పందిస్తాం. కొందరు "పోనీలే, పది రూపాయలకు గొడవెందుకు" అని మింగేసి ఇంటికి పోతారు. కొందరు కౌంటరులో ఉన్న అమ్మాయి మీద గొంతు చించుకుని అరిచి పోతారు. ఈ రెండింటిలో దేనివల్లా అంగడి మారదు. మరుసటి రోజు అదే కాటా, అదే ధర, అదే తేదీ దాటిన ప్యాకెట్టు. ఏది అడగాలి, ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అనేది తెలిస్తే ఈ రెండు దారులూ అవసరం లేదు.

మర్యాద వేరు, హక్కు వేరు

ముందుగా మన కోపాన్ని రెండుగా విడదీసుకోవాలి. అంగట్లో పనిచేసేవారు నవ్వలేదు, సరిగా జవాబివ్వలేదు, సరుకు విసురుగా పెట్టారు. ఇది మర్యాద లోపం. బాధ కలిగిస్తుంది, కానీ దానికి చట్టం లేదు. ధర ఎక్కువ వేశారు, తూకం తగ్గింది, తేదీ దాటిన సరుకు అమ్మారు, బిల్లు ఇవ్వలేదు. ఇది మన హక్కుకు కలిగిన నష్టం. దీనికి చట్టం ఉంది. మొదటిదాన్ని చాలావరకు ఓర్చుకోవచ్చు. రెండోదాన్ని ఓర్చుకోనక్కరలేదు. మన చిక్కంతా ఎక్కడంటే, మొదటిదాని మీద అరుస్తాం, రెండోదాని దగ్గర ఊరుకుంటాం.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. సరుకుల అంగడికి సంబంధించి తెలుసుకోదగిన సంగతులు ఇవి.

ధర: ప్యాకెట్టు మీద అచ్చువేసే ఎం.ఆర్‌.పి.లో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు, సబ్బు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5కు తగ్గింది. ఇలా పన్ను మారినప్పుడు, ఆఫరు పెట్టినప్పుడు, కంప్యూటరులో ధర మార్చడం మరచిపోతే పాత ధరే బిల్లులో పడుతుంది. చాలాసార్లు ఇందులో మోసం ఉండదు, అజాగ్రత్త ఉంటుంది. కానీ కొనేవారి చేతినుంచి పోయే డబ్బు మాత్రం ఒకటే. అందుకే బిల్లు చేతికి రాగానే అక్కడే నిలబడి ఒకసారి చదువుకోవాలి.

తూకం: వ్యాపారి వాడే కాటాను తూనికలు కొలతల శాఖ నిర్ణీత కాలానికి ఒకసారి తనిఖీ చేసి ముద్ర వేయాలి. సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపాలి. మిఠాయి తూచేటప్పుడు అట్టపెట్టె బరువు అందులో కలపకూడదు. పెట్టెను ముందు కాటా మీద పెట్టి సున్నా చేయించి, ఆ తర్వాతే మిఠాయి తూచమని అడగవచ్చు. విడిగా అమ్మే మిఠాయిలు ఏ తేదీలోగా తినాలో అంగట్లో రాసి పెట్టాలని ఆహార భద్రతా సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నియమం పెట్టింది.

బిల్లు, వాపసు: బిల్లు ఇవ్వకపోవడం కొత్త చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు చాలా అంగళ్ళలో కనిపిస్తుంది. సరుకులో లోపం ఉన్నప్పుడు ఆ బోర్డు చెల్లదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువు ఏదీ రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకును తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వనంటే అది కూడా అనుచిత వ్యాపార పద్ధతే. మనసు మారిందనో, ఇంట్లో వాళ్ళకు నచ్చలేదనో తిరిగి ఇస్తామంటే మాత్రం ఈ నియమం వర్తించదు. ఈ తేడా మనమూ గౌరవించాలి.

ఫోన్‌ నంబరు, సంచి: బిల్లు కావాలంటే ఫోన్‌ నంబరు చెప్పాల్సిందేనని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో వ్యాపారులకు సూచించింది. ఇష్టం లేకపోతే "నంబరు ఇవ్వనమ్మా, బిల్లు ఇవ్వండి" అంటే చాలు. ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బు వేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్‌ 2020 డిసెంబరులో ఒక కేసులో తేల్చింది.

కౌంటరు వెనక ఉన్నవారి సంగతి

ఇక మర్యాద లోపం దగ్గరికి వద్దాం. పూర్వం సెట్టిగారి అంగట్లో మనం చీటీ చదివితే ఆయనే సరుకు తీసి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందో కూడా ఆయనకు తెలిసేది. కొనేవారే అరల మధ్య తిరిగి సరుకు ఏరుకునే పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్‌ నగరంలో పిగ్లీ విగ్లీ అనే అంగడి మొదలుపెట్టింది. తక్కువమంది పనివాళ్ళతో ఎక్కువ సరుకు అమ్మవచ్చు, ఖర్చు తగ్గుతుంది, ధరా తగ్గించవచ్చు అనేది దాని లెక్క. ఆ లెక్కే నేడు మన ఊళ్ళ సూపర్‌ మార్కెట్ల దాకా వచ్చింది. తక్కువ ధర మనకు నచ్చింది. కానీ సెట్టిగారు చేసిన పనిలో సగం మన మీదికి వచ్చింది, మిగతా సగం ఇద్దరు ముగ్గురు పిల్లల మీద పడింది.

ఆ పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవారే. ఇంటరో డిగ్రీయో చదివి, ఇంటికి ఆసరాగా పనిలో చేరినవారు. పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి రాత్రి దించేదాకా చాలాచోట్ల నిలబడే ఉంటారు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. కోళికోడ్‌లోని మిఠాయి వీధిలో పనిచేసే స్త్రీలు ఆ పోరాటంలో ముందున్నారు. ఫలితంగా 2018లో ఆ రాష్ట్రం చట్టం సవరించి, పనివారు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఆదేశించింది. మనకు పక్కనే ఉన్న తమిళనాడు 2021లో అదే పని చేసింది. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా, నిలబడి పనిచేయాల్సిన ఉద్యోగులకు కూర్చునే సౌకర్యం కల్పించాలన్న మాట ఉంది. మనిషి కాసేపు కూర్చోవడానికి చట్టం చేయాల్సి వచ్చిందంటే, అంతకుముందు వారి పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

పది గంటలు నిలబడిన మనిషి పదకొండో గంటలో మనకు చిరునవ్వుతో జవాబివ్వలేదని నొచ్చుకునే ముందు ఇది గుర్తుంటే మేలు. మూడు కౌంటర్లలో రెండు మూసి ఉంచిన నిర్ణయం ఆ అమ్మాయిది కాదు. కంప్యూటరులో ధర మార్చే అధికారమూ ఆమెకు ఉండదు. లెక్కలో తేడా వస్తే తన జీతంలో కోస్తారేమోనన్న భయం మాత్రం ఆమెకు ఉండవచ్చు. మనం అరిచిన అరుపు ఆమె దగ్గర ఆగిపోతుంది. యజమాని దాకా పోదు.

మరి ఎలా అడగాలి?

ముందు నెమ్మదిగా, సంగతి మాత్రమే చెప్పాలి. "అమ్మా, అర మీద 110 అని ఉంది, బిల్లులో 125 పడింది. ఒకసారి చూస్తావా?" అంటే చాలు. వెనకాల వరుసలో ఉన్నవారికి వినిపించేలా అనక్కరలేదు. తన చేతిలో లేదంటే మేనేజరును పిలవమని అడగాలి. మేనేజరు వచ్చినప్పుడు అమ్మాయి మీద ఫిర్యాదుగా చెప్పకుండా, ధర మీద, తూకం మీద, తేదీ మీద మాట్లాడాలి. తేదీ దాటిన ప్యాకెట్టు కనిపిస్తే దాన్ని మళ్ళీ అరలో పెట్టేసి పోకూడదు. మన తర్వాత వచ్చేవారు అది చూసుకోకపోవచ్చు.

అప్పటికీ పని జరగకపోతే బిల్లు, ప్యాకెట్టు దాచుకుని, ఫొటో తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. తూకం, ఎం.ఆర్‌.పి. సంగతులైతే తూనికలు కొలతల శాఖకు చెప్పాలి. నష్టం పెద్దదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ ఉంది. మనం నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. సంగతి జరిగిన రెండేళ్ళలోపు వేయాలి.

ఊరుకుంటే ఎవరికి నష్టం?

"పది రూపాయలే కదా" అన్న మాటలో ఒక చిక్కు ఉంది. ఆ పది రూపాయలు మనకు చిన్నవి. అదే అంగట్లో అదే కాటా మీద కూలికి పోయివచ్చిన తల్లి కూడా బియ్యం తూయించుకుంటుంది. ఆమెకు బిల్లు చదవడం రాకపోవచ్చు. చదవగలిగినా "నీకెందుకు" అని గద్దిస్తారన్న భయం ఉండవచ్చు. చదువుకున్నవారు, నాలుగు మాటలు మాట్లాడగలవారు ఊరుకుంటే, తప్పు సరిదిద్దాల్సిన అవసరం అంగడికి రాదు. అడగగలిగినవారు అడిగి సరిచేయిస్తే, అడగలేనివారికి కూడా సరైన ధర, సరైన తూకం అందుతాయి.

చౌకధరల దుకాణం సంగతీ ఇదే. మన రాష్ట్రంలో 2025 జూన్‌ 1 నుంచి రేషన్‌ మళ్ళీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. నెలలో 1వ తేదీ నుంచి 15 దాకా, ఉదయం 8 నుంచి 12 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు తెరిచి ఉంచాలన్నది నియమం. 65 ఏళ్ళు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు సరుకు ఇంటికే చేర్చాలి. మన సంఘంలోని ముసలివారు ఇంకా సంచి పట్టుకుని వరుసలో నిలబడుతున్నారేమో ఒకసారి విచారించండి. నిలబడుతుంటే, వారి తరఫున డీలరుతో వెళ్ళి మాట్లాడటం కూడా పరిచర్యే.

తూకం విషయంలో దేవుని వాక్యం ఎంత సూటిగా మాట్లాడుతుందో మనకు తెలుసు. లేవీయకాండం 19వ అధ్యాయంలో న్యాయమైన త్రాసు, న్యాయమైన కొలతల గురించిన ఆజ్ఞ ఉంది. అదే అధ్యాయంలో కూలివాని కూలిని తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదన్న ఆజ్ఞ కూడా ఉంది. కొనేవారి హక్కు, పనిచేసేవారి హక్కు రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడానికి మనకు వీలు లేదు. ఆమోసు ప్రవక్త, కొలపాత్రను చిన్నది చేసి బీదలకు అమ్మేవారిని గద్దించాడు. వారు విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసిన భక్తిపరులే కావడం గమనించాలి.

మన సంఘాల్లో కొనేవారే కాదు, అంగడి నడిపేవారు ఉన్నారు, కౌంటరులో నిలబడేవారూ ఉన్నారు. అంగడి నడిపే సహోదరులు మూడు పనులు చేయగలరు. వారానికి ఒకసారి అరల్లోని తేదీలు, ధరలు సరిచూడటం. పనిచేసేవారికి ఒక స్టూలు వేయడం. తప్పు జరిగిందని ఎవరైనా చెబితే వాదించకుండా సరిదిద్దడం. కౌంటరులో పనిచేసే యువతీ యువకులు ఆదివారం ఆరాధనకు ఎందుకు రాలేకపోతున్నారో అడిగి తెలుసుకుంటే, వారపు సెలవు కూడా దొరకని పరిస్థితి కొందరిది కావచ్చు.

జాతీయ వినియోగదారుల దినం ఏటా డిసెంబరు 24న వస్తుంది. 1986 నాటి చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన రోజు అది. మనకు అది క్రిస్మస్‌ ముందురోజు. కేకులు, మిఠాయిలు, సరుకుల కోసం మన కుటుంబాలన్నీ అంగళ్ళలోనే ఉంటాయి. కౌంటరులోని పిల్లలకు ఏడాదిలో అతి బరువైన రోజుల్లో అదీ ఒకటి. ఆ రోజు బిల్లు చదవండి, తేదీ చూడండి, తేడా ఉంటే అడగండి. సంచి చేతికి అందించిన అమ్మాయికి "థాంక్సమ్మా, భోంచేశావా?" అని ఒక మాట కూడా అనండి.