పాలకు చలువ: చల్లని నీటి ప్రసరణ విధానము

వరి పండించు రైతునకు ధాన్యపు సొమ్ము ఏటికి ఒకటి రెండు మారులు మాత్రమే చేతికి వచ్చును. నడుమ సంసారము గడుపునది పాలసొమ్ము. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సభ్యు లెల్లరు నెఱిగిన విషయ మిది. అట్టి పాలు వేసవి సాయంకాలమున పులిసి తిరిగివచ్చినచో, ఆ పూట వేసిన గడ్డియు, తవుడును, ఇంటివారు పడిన శ్రమయు వ్యర్థమగును. ఈ నష్టమును తప్పించు మార్గమును గూర్చి కొంత విన్నవింప దలచితిమి.

పాలు పులియుట సూక్ష్మజీవుల పని యని 1857లో లూయీ పాశ్చరు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెలియజేసెను. పొదుగునుండి దిగిన పాలు సుమారు 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కలిగియుండును. ఆ వేడిమి సూక్ష్మజీవుల కెంతయు అనుకూలము. పాలను 4 డిగ్రీలకు చల్లార్చినచో వాని వృద్ధి మిక్కిలి మందగించును. అయినను అవి చావవు. కావున చలువ యున్నదిగదా యని పాత్రల శుభ్రతను ఉపేక్షింపరాదు.

పులియుటను చలువతో అదుపుచేయుట క్రొత్త విద్య కాదు. 1870 తరువాతి దశాబ్దమున జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే నిర్మించిన శీతయంత్రములు తొలుత బీరు కర్మాగారములకే యుపయోగపడెను. పులియు తొట్టి యొద్ద చల్లని ద్రవమును నిరంతరము ప్రసరింపజేసి, అందలి వేడిమిని తీసివేయుటయే యిందలి సూత్రము. పాలకును ఇదియే వర్తించును.

ఇందుకు రెండు గోడల స్టీలు పాత్ర, మంచుతొట్టి, పంపు, పాలను కలియబెట్టు తెడ్డు కావలయును. మంచుతొట్టిలోని నీటియందు గొట్టములు మునిగియుండును. కంప్రెసరు ఆడుచున్నప్పుడు వానిపై మంచు పేరుకొనును. పాలు వచ్చినంతనే పంపు ఆ చల్లని నీటిని పాత్ర గోడల నడుమకు త్రోయును. అచ్చట వేడెక్కిన నీరు తిరిగి మంచును తాకి చల్లబడును. నీరు కదలక నిలిచినచో గోడను అంటియున్న భాగము వేడెక్కి, తక్కిన చలువ అక్కరకు రాదు. పాలను కలియబెట్టకున్నను ఇట్టి చిక్కే కలుగును.

మంచు ముందుగా కట్టియున్నచో పాలవేళ కరెంటు పోయినను భయము లేదు. చిన్న ఇంజనుతో పంపును, తెడ్డును త్రిప్పిన చాలును.

లెక్క చూతము. 500 లీటర్ల పాలను 35 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు దింపుటకు సుమారు 15,000 కిలోక్యాలరీల వేడిమిని తీయవలయును. కిలో మంచు కరగుటలో 80 కిలోక్యాలరీలను గ్రహించును. అనగా సుమారు 190 కిలోల మంచు కావలయును. బయటి వేడివలన కలుగు నష్టమునకు మరికొంత చేర్చుకొనవలయును. పాలను మొదట మామూలు నీటి ప్రసరణముతో 30 డిగ్రీలకు దింపినచో 30 కిలోల మంచు మిగులును. కరెంటు ఖర్చును తగ్గును.

అయితే ఆ నీరు ఎట్టిదో చూచుకొనవలయును. దివిసీమలోను, బందరు తీరమునను పలుచోట్ల భూగర్భజలము ఉప్పన. అది గొట్టములను తినివేయును. వడగట్టిన మంచినీటినే వాడుట మేలు. నీరు గడ్డకట్టకుండుటకు మందు కలుపదలచినచో, ఎథిలీన్ గ్లైకాల్ విషమని మఱువకుడు; పాలయొద్దకు దానిని రానీయరాదు.

చలువకు బదులు పాలలో మంచుగడ్డలు వేయుటయు, సోడా కలుపుటయు కల్తీయే. ఒక్కరు చేసిన కల్తీ అందఱి పాలకును అపకీర్తి తెచ్చును.

ఇట్టి యంత్రమును ఒక్క రైతు భరింపజాలడు. నూరుగురు కలిసిన భారము కాదు. సొసైటీలవారు ఉష్ణమాపకమును ఉంచి, పాలు వచ్చిన వేళను, 4 డిగ్రీలకు చేరిన వేళను పుస్తకమున వ్రాయింపవలయును. ఈ రెంటి నడుమ కాలము మూడు గంటలకు మించినచో పంపునో, గొట్టములనో వెంటనే పరీక్షింపుడు. ఆ పుస్తకమును చూపుమని యడుగుట ప్రతి సభ్యుని హక్కు.