నాడు ‘రోగి చెప్పులు’... నేడు సోకు చెప్పులు!

చేవెళ్ల, మొయినాబాద్: నల్లటి మెత్తటి అట్ట, మడమ వెనుక పట్టీ. ఒకప్పుడు ఆ చెప్పులు తొడిగిన వారిని చూసి ‘ఏదో జబ్బు’ అని గుసగుసలాడేవారు. పాదం ఒంపునకు తగినట్లు మలచిన చెప్పులకే నేడు గిరాకీ. ఈ మార్పు వెనుక పెద్ద కథే ఉంది.

కుష్ఠు రోగులకు అండగా..

ఈ చెప్పుల్లో వాడేది మైక్రో సెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్). సన్నటి గాలి గదులున్న ఈ రబ్బరు ఒంటి బరువు పాదంలో ఒకేచోట పడకుండా అంతటా పంచుతుంది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, నొప్పి తెలియకపోవడం వల్లే కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడుతున్నాయని గుర్తించి ఇలాంటి పాదరక్షలకు బాట వేశారు. అయితే ఆ చెప్పులే రోగిని పట్టించేవి. వెలివేస్తారన్న భయంతో తొడగడానికి జంకినవారు ఉన్నారు. దీంతో మామూలు చెప్పుల్లా కనిపించే నమూనాలు వచ్చాయి.

జర్మనీలోనూ ఇదే తీరు. బిర్కెన్‌స్టాక్ సంస్థ 1963లో తెచ్చిన ఒంపు అట్ట చెప్పులను అందవికారమని ఎగతాళి చేసినవారున్నారు. అదే సంస్థ 2023లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కింది.

మధుమేహంతో మళ్లీ అవసరం

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం అంచనా వేసింది. వ్యాధి ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కూరగాయల మళ్లు, పూల తోటల్లో వట్టి కాళ్లతో తిరిగేవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరిక తీరిన భక్తులు 108 ప్రదక్షిణలు చేస్తారు. స్పర్శ లేని పాదాలకు ఎండకు కాగిన నేల బొబ్బలు తెప్పించవచ్చు. అలాంటివారు ముందుగా వైద్యుని సలహా తీసుకుని, చల్లని వేళలను ఎంచుకోవడం మేలు.

ఇవి పాటించాలి

* పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ చెప్పులు కొనాలి.
* లోపలి అట్ట మెత్తగా, అడుగు గట్టిగా, వెనుక పట్టీ ఉండాలి. వేలి సందున పట్టీ ఉన్నవి వద్దు.
* తొడిగే ముందు రాళ్లు, మేకులు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడాలి.
* రోజూ రాత్రి అరికాళ్లను పరిశీలించాలి. పుండు కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

మెత్తగా ఉన్న ప్రతి చెప్పూ వైద్యానికి పనికిరాదు. స్పర్శ తగ్గినవారు సోకు చూసి కాక, పాదం కొలత ఇచ్చి చేయించుకోవాలి.