విద్యుత్ కార్లను పోల్చి చూచుట ఎట్లు?

పెట్రోలు కారు కొనబోవువారు మొదట అడుగు ప్రశ్న "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును?" అనునది. విద్యుత్ కారు విషయములో ఆ ప్రశ్న "ఒకసారి ఛార్జి చేసిన ఎంత దూరము పోవును?" అని మారినది. అమ్మువారు దానికి ఒక అంకె చెప్పుదురు. కొనువారు రెండు కార్ల అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి, పెద్ద అంకె గల కారే మేలైనదని తలచుట పరిపాటి. అర కోటి రూపాయలు వెచ్చించు కుటుంబమునకు ఈ తూకము సరిపోవునా? ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రముతోనే ఈ సంగతిని తేల్చుకొనవచ్చును.

రెండు తోబుట్టువులు

ఉదాహరణకు రెండు కార్లను తీసికొందము. ఒకటి కియా ఇ.వి.6. ఇది మన దేశమున 2022 జూన్‌లో విడుదలైనది. రెండవది హ్యుందాయ్ అయానిక్ 5. ఇది 2023 జనవరిలో వచ్చినది. ఈ రెండు సంస్థలు కొరియా దేశపు ఒకే వ్యాపార కుటుంబమునకు చెందినవి. రెండు కార్లకును అడుగుభాగపు నిర్మాణము ఒక్కటే. రెంటిలోను బాటరీ సీట్ల క్రింద, నేలకు సమాంతరముగా పరచియుండును. ఇట్లు పెక్కు విషయములు సమానముగా నున్నందున, మిగిలిన భేదములను విడదీసి చూచుట సులభము. ప్రయోగశాలలో ఒక రాశిని మాత్రము మార్చి, తక్కినవానిని స్థిరముగా ఉంచుట వంటిదే ఇది.

విడుదలైననాడు అయానిక్ 5 బాటరీలో పట్టు శక్తి 72.6 కిలోవాట్ అవర్లు, ఇ.వి.6లో 77.4. మన ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్టు అనునది ఒక కిలోవాట్ అవరే. కావున వీనిని 72.6 యూనిట్లు, 77.4 యూనిట్లు అని చెప్పుకొనవచ్చును. భారతీయ పరీక్ష ప్రకారము మొదటి కారు 631 కిలోమీటర్లు, రెండవది 708 కిలోమీటర్ల వరకు పోవునని ప్రకటించిరి. భేదము 77 కిలోమీటర్లు. ఇది హైదరాబాదు నుండి విజయవాడకు గల దూరములో నాల్గవ వంతు కంటె ఎక్కువ.

ఒకే కారు, మూడు అంకెలు

ఐతే ఒక విచిత్రమును గమనింపుడు. అదే 77.4 యూనిట్ల బాటరీ గల ఇ.వి.6, వెనుక చక్రములను మాత్రమే త్రిప్పు రకము, ఐరోపా పరీక్షలో 528 కిలోమీటర్లు పోయినది. అమెరికా పరీక్షలో 310 మైళ్లు, అనగా సుమారు 499 కిలోమీటర్లు పోయినది. బాటరీ మారలేదు, కొలబద్ద మారినది.

ఈ పరీక్షలలో కారును రోడ్డుపై నడుపరు. చక్రములను ఉక్కు దొరలులపై నిలిపి, నిర్ణీత వేగములలో త్రిప్పుదురు. భారతీయ పరీక్షలో నగరవీధులలోని నెమ్మది నడకకు ప్రాధాన్యము హెచ్చు. ఐరోపా పరీక్షలో వేగము గంటకు 131 కిలోమీటర్ల వరకు పోవును. అమెరికాలో ప్రయోగశాలలో వచ్చిన అంకెను వాస్తవమునకు దగ్గరగా ఉండునట్లు తగ్గించి ప్రకటింతురు. కనుక ఒక కారుకు ఒక దేశపు అంకెను, మరొక కారుకు వేరొక దేశపు అంకెను తీసికొని పోల్చుట, ఒకరి ఎత్తును గజములలోను మరొకరి ఎత్తును మీటర్లలోను కొలిచి, అంకెలను మాత్రము పోల్చుట వంటిది.

శక్తి ఎక్కడకు పోవుచున్నది?

సమతలమైన రోడ్డుపై స్థిరవేగముతో పోవు కారు ప్రధానముగా రెండు నిరోధములను జయింపవలెను. మొదటిది టైర్లు దొర్లుటలో కలుగు నిరోధము. ఇది బరువును బట్టి ఉండును. వేగముతో అంతగా మారదు. రెండవది గాలి నిరోధము. ఇది వేగము యొక్క వర్గమునకు అనులోమానుపాతములో ఉండును. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. ఈ రెండవ నిరోధము కారు ఆకారముపై కూడ ఆధారపడును. దానిని తెలుపు గుణకము అయానిక్ 5కు 0.288, ఇ.వి.6కు 0.28.

ఇప్పుడు లెక్క వేయుదము. కుటుంబముతో కలిపి రెండు కార్లకును బరువు 2,200 కిలోగ్రాములనియు, ముందు నుండి చూచిన వైశాల్యము 2.6 చదరపు మీటర్లనియు అనుకొందము. టైర్ల నిరోధము బరువులో నూరవ వంతనియు, బాటరీ శక్తిలో నూటికి 90 వంతులు చక్రములకు చేరుననియు, చల్లదనపు యంత్రము గంటకు ఒకటిన్నర యూనిట్టు వాడుననియు గ్రహింతము.

గంటకు 100 కిలోమీటర్ల వేగమున అయానిక్ 5పై గాలి నిరోధము దాదాపు 347 న్యూటన్లు. టైర్ల నిరోధము 216 న్యూటన్లు. బలమును దూరముచే గుణించినచో పని వచ్చును గదా! నూరు కిలోమీటర్లకు ఈ రెంటికిని కలిపి 15.6 యూనిట్లు కావలెను. మార్గమధ్య నష్టములను, చల్లదనపు యంత్రమును చేర్చగా 18.9 యూనిట్లగును. ఇదే విధముగా వేర్వేరు వేగములకు లెక్కించినచో, బాటరీ పూర్తిగా తరుగు వరకు పోగల దూరములు ఇట్లుండును:

గంటకు 60 కిలోమీటర్ల వేగమున: అయానిక్ 5 దాదాపు 558 కిలోమీటర్లు; ఇ.వి.6 దాదాపు 600.
గంటకు 80 కిలోమీటర్ల వేగమున: అయానిక్ 5 దాదాపు 472, ఇ.వి.6 దాదాపు 509.
గంటకు 100 కిలోమీటర్ల వేగమున: అయానిక్ 5 దాదాపు 385, ఇ.వి.6 దాదాపు 417.

ఇవి ఉజ్జాయింపు లెక్కలే. ఎదురుగాలి, ఎత్తుపల్లములు, వాన వీనిని మార్చును. ఐనను ఇందులోని సారము స్పష్టము. 100 కిలోమీటర్ల వేగమున రెండు కార్లకు భేదము 32 కిలోమీటర్లే. అదే అయానిక్ 5ను 100కు బదులు 80 కిలోమీటర్ల వేగమున నడిపినచో 87 కిలోమీటర్లు అధికముగా వచ్చును. అనగా రెండు కార్ల నడుమ గల తేడా కంటె, నడుపువాని కాలి క్రింద గల తేడా రెండున్నర రెట్లకు పైగా పెద్దది.

ఆ 32 కిలోమీటర్లు అక్కరకు వచ్చునా అనునది తరువాతి ప్రశ్న. హైదరాబాదు నుండి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. రెండు కార్లును దారిలో ఆగకనే చేరగలవు. హైదరాబాదు నుండి తిరుపతికి 550 కిలోమీటర్లు దాటును. ఆ వేగమున రెండు కార్లును దారిలో ఆగవలసినదే. ఈ రెండు ప్రయాణములలోను పెద్ద అంకె వలన మారినది ఏమియు లేదు.

ఆగినప్పుడు ఎంత సేపు?

విద్యుత్సామర్థ్యము అనగా వోల్టేజిని ప్రవాహముచే గుణించిన లబ్ధము. తీగలో పుట్టు వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి పెరుగును. కావున వోల్టేజిని రెట్టింపు చేసినచో, అదే సామర్థ్యమునకు సగము ప్రవాహము చాలును. వేడి నాల్గవ వంతునకు తగ్గును. ఈ సూత్రము ననుసరించియే ఈ రెండు కార్లను 800 వోల్టుల తరగతిలో నిర్మించిరి. 350 కిలోవాట్ల ఛార్జరు దొరికినచో పదవ వంతు నుండి 80 వంతుల వరకు 18 నిమిషములలో నిండునని నిర్మాతల మాట. 50 కిలోవాట్ల ఛార్జరు వద్ద అదే పనికి దాదాపు ఒక గంట పట్టును. ఇంటిలోని 7.2 కిలోవాట్ల ఛార్జరుతో పూర్తిగా నిండుటకు పది గంటలు దాటును. కనుక కొనువారు కారు శక్తిని మాత్రమే గాక, తాము తిరుగు దారిలో ఎంతటి ఛార్జర్లు కలవో చూడవలెను.

80 వంతుల తరువాత ఛార్జింగు మందగించుట లోపము కాదు. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు గ్రాఫైటు పొరలలోనికి చొచ్చుకొని పోవును. ఆ పొరలు నిండుకొలది, తొందరించినచో లిథియము లోహమై పైన పేరుకొని బాటరీని చెరచును. అందుచే కారే ప్రవాహమును తగ్గించుకొనును. మన వేసవిలో బాటరీని నిండుగా నింపి ఎండలో నిలుపుట కూడ దాని ఆయువును తగ్గించును.

పెద్ద అంకెలో కనబడని సంగతులు

అయానిక్ 5 పొడవు 4,635 మిల్లీమీటర్లు, ఇ.వి.6 పొడవు 4,695. ఐనను ముందు, వెనుక చక్రముల నడుమ దూరము మొదటిదానిలో 3,000, రెండవదానిలో 2,900 మిల్లీమీటర్లు. పొట్టి కారులోనే కాళ్లు చాపుకొనుటకు చోటెక్కువ. ఇ.వి.6 కప్పు వెనుకకు వాలియుండుట గాలికి అనుకూలము. వెనుక కూర్చుండు పొడగరికి అంత అనుకూలము కాదు. వృద్ధులైన తల్లిదండ్రులు ఎక్కి దిగు కారునకు ఇది చిన్న విషయము కాదు.

ధరలో భేదము మరింత పెద్దది. విడుదలైననాడు షోరూము ధర అయానిక్ 5కు 44.95 లక్షలు, ఇ.వి.6కు 59.95 లక్షలు. మొదటిదాని భాగములను తెచ్చి మద్రాసు సమీపమున కూర్చిరి. రెండవదానిని కొరియా నుండి తయారైన కారుగనే దిగుమతి చేసిరి. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ వద్ద కియా కర్మాగారము 2019 నుండి కార్లను తయారు చేయుచున్నను, ఈ కారు అక్కడిది కాదు. పూర్తిగా తయారైన కారుపై దిగుమతి సుంకము అధికము. ధరలోని ఎక్కువంతయు కారులోని గొప్పతనమే అనుకొనరాదు.

తోబుట్టువులకు గుణములే కాదు, దోషములును ఉమ్మడియే. 2024లో ఈ రెండు కార్లను ఒకే కారణముచే మరమ్మతునకు వెనుకకు పిలిచిరి. విద్యుత్ కారులో పెద్ద బాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బాటరీ ఒకటి ఉండును. దీపములు, స్విచ్చులు, తాళములు దానిపై ఆధారపడును. దానిని నింపు భాగములో లోపము రావచ్చునని తేలినది. చిన్న బాటరీ చల్లబడినచో పెద్ద బాటరీ నిండుగా నున్నను కారు కదలదు. వాడిన కారు కొనువారు ఈ మరమ్మతు జరిగినదో లేదో తప్పక విచారింపవలెను.

కావున రెండు కార్లను పోల్చునపుడు వరుసగా ఇవి అడుగవలెను: రెండు అంకెలును ఒకే పరీక్షవేనా? మన వేగమున నూరు కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు పట్టును? మన దారిలో ఎట్టి ఛార్జర్లు కలవు? మన ఇంటివారు అందులో సుఖముగా కూర్చుండగలరా? అధిక ధర దేనికి పోవుచున్నది? ఉపాధ్యాయులు పై లెక్కను తరగతిలో ఇచ్చి, గంటకు 120 కిలోమీటర్ల వేగమున ఎంత దూరము వచ్చునో విద్యార్థులచే కట్టించిన బాగుండును. వర్గ నియమము పుస్తకములో ఉన్నప్పుడు ఒక సూత్రము మాత్రమే; దానితో తమ ఇంటి కొనుగోలును తూచి చూచిననాడు అది వారి సొంత జ్ఞానమగును.