సైకాలజీ పేపరు వ్రాయబోవు బిడ్డలకు, వారి తల్లిదండ్రులకు

మా సంఘములోని ఒక అమ్మాయి పదవ తరగతి వరకు తెలుగు మీడియములో చదివి, తరువాత పట్టణములో సి.బి.ఎస్.ఇ. పాఠశాలలో చేరినది. అక్కడ ఆమె తీసికొన్న సబ్జెక్టులలో సైకాలజీ ఒకటి. 2023లో ఆమె పన్నెండవ తరగతిలో ఉండగా, క్రిస్మస్ సెలవులలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె తండ్రి మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారండీ, అమ్మాయి అర్ధసంవత్సర పరీక్షల్లో అన్నీ పాసయ్యింది గాని ఆ సైకాలజీ మాత్రం పోయిందండి. అది పిచ్చోళ్ళ చదువంట గదండీ. మనకెందుకండీ, చదువు మానిపించేద్దామనుకుంటున్నాను" అన్నాడు. కూలి చేసి ఫీజు కట్టుచున్న మనిషి. అతని బాధ మాకు అర్థమైనది.

అయితే ఆ పరీక్ష పోవుటలో మా పాలు కూడ ఉన్నది. దసరా సెలవులలో ఆ అమ్మాయి మా సలహా అడిగినది. థియాలజీ డిప్లొమాలో కౌన్సెలింగు పేపరు చదివినామన్న ధైర్యముతో, "సైకాలజీకి అంతగా చదవనక్కరలేదమ్మా, మనుషులను చూస్తే తెలిసే సంగతులే. నీ సొంత మాటలలో వ్రాసెయ్" అని చెప్పినది మేమే. పాపము, ఆమె అలాగే చేసినది.

జవాబు పత్రము తెప్పించి చూచాము. సోషల్ లోఫింగ్ అనగా నేమి, దానిని ఎట్లు తగ్గించవచ్చును అని 4 మార్కుల ప్రశ్న. దానికి ఆమె, క్రిందటి సంవత్సరము మన చర్చికి సున్నము వేసిన సంగతి పేజీ నిండా వ్రాసినది. ముప్పది మంది వచ్చారు, ఎవరికి వారు పక్కవాడు వేస్తాడులే అనుకున్నారు, చివరకు పని చేసినది ఐదుగురే. చదువుతుంటే మాకు నవ్వు వచ్చినది, కొంచెము సిగ్గు కూడ వేసినది. మార్కు మాత్రము ఒక్కటే.

దిద్దినవారు అన్యాయము చేయలేదు. ఆ పేజీలో ఉదాహరణ ఉన్నది, జవాబు లేదు. గుంపులో కలిసి పనిచేయునప్పుడు మనిషి ఒంటరిగా చేసినంత కష్టపడకపోవుటను సోషల్ లోఫింగ్ అంటారు. ఈ ఒక్క వాక్యము ముందు రావలెను. తరువాత కారణములు: బాధ్యత పంచుకొనబడి పలుచనగును, ఎవరెంత చేసినదీ లెక్కకు రాదు గనుక ఉత్సాహము తగ్గును. ఆ తరువాత మార్గములు: ఎవరి పని ఏదో తెలియునట్లు చేయుట, పని ముఖ్యమైనదని తెలియజేయుట, గుంపులో ఐక్యత పెంచుట. వీటన్నిటి తరువాత సున్నము కథ రెండు వాక్యములు చాలును. సొంత ఉదాహరణ మంచిదే, కాని అది కూరలో ఉప్పువంటిది. మేము చెప్పిన సలహాలో కూర లేదు.

ఈ పేపరు సంగతి తల్లిదండ్రులు కూడ తెలిసికొనుట మంచిది. థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. మూడు గంటల సమయము, దానికి ముందు ప్రశ్నలు చదువుకొనుటకు 15 నిమిషములు. 2 మార్కుల ప్రశ్నకు 30 మాటలు మించకూడదు, 6 మార్కుల దానికి 200 మాటల వరకు. మన పిల్లలు తెలిసిన 2 మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు వ్రాసి, చివరి 6 మార్కుల ప్రశ్న దగ్గర గంట కొట్టించుకొంటారు. ఒక కథ ఇచ్చి ప్రశ్నలడిగే భాగము కూడ ఉండును. అక్కడ, కథలోని ఏ మాట ఏ భావనను చూపుచున్నదో పేరు పెట్టి చెప్పవలెను. "అతడు కష్టములో ఉన్నాడు" అంటే చాలదు. హన్స్ సెల్యే చెప్పిన మూడు దశలలో, అనగా హెచ్చరిక, ప్రతిఘటన, అలసట అనువాటిలో, ఏ దశలో ఉన్నాడో, ఎందుకు అట్లు అనుచున్నామో వ్రాయవలెను.

ఇక చదువు విషయము. ఆ సెలవులలో ఆమె పదకొండవ తరగతి పుస్తకము తెరిచి జ్ఞాపకశక్తి పాఠము మేమే చదివాము. పరీక్షకు ఎట్లు చదవవలెనో ఆ సబ్జెక్టులోనే ఉన్నదని అప్పుడు తెలిసినది. ఎబ్బింగ్‌హాస్ అను జర్మనీ శాస్త్రవేత్త అర్థము లేని అక్షరముల కూర్పులను కంఠస్థము చేసి తన్ను తానే పరీక్షించుకొని, 1885లో ఆ ఫలితములు ప్రచురించాడు. నేర్చినదానిలో సగమునకు పైగా మొదటి గంటలోనే జారిపోయినది, ఆ తరువాత జారుట నెమ్మదించినది. ఈ అమ్మాయి ఇంగ్లీషు వాక్యములను అర్థము తెలియకుండ బట్టీ పట్టుచున్నది గనుక ఆమెకు అవి దాదాపు ఆ అక్షరముల వంటివే. అర్థము ఆలోచించి లోతుగా చదివినది ఎక్కువ కాలము నిలుచునని క్రెయిక్, లాక్‌హార్ట్ అనువారు 1972లో చెప్పారు. 2006లో రోడిగర్, కార్పికె చేసిన పరిశోధనలో, మరల మరల చదివినవారికి ఐదు నిమిషముల తరువాత ఎక్కువ గుర్తున్నది. వారము తరువాత మాత్రము పుస్తకము మూసి గుర్తు తెచ్చుకొని వ్రాసినవారిదే పైచేయి అయినది.

కాబట్టి ఒక పద్ధతి పెట్టాము. సాయంకాలము తల్లి చిక్కుడుకాయలు వలుచుచుండగా అమ్మాయి పుస్తకము మూసి, ఆ రోజు చదివినది తెలుగులో చెప్పవలెను. తల్లికి చదువు రాదు. అర్థము కాకపోతే "నాకు తెలీలేదే" అనుటే ఆమె పని. తల్లికి అర్థమైన తరువాత కూతురు దానినే ఇంగ్లీషులో, శాస్త్ర పదములతో, గడియారము పెట్టుకొని వ్రాయవలెను. రెండు రోజులకు ఒకసారి, వారమునకు ఒకసారి అదే ప్రశ్న మరల. చదువురాని తల్లిదండ్రులు పిల్లల పరీక్షకు ఏమి సహాయము చేయగలరని అడుగువారికి మేము ఈ ఇంటినే చూపుచున్నాము.

ప్రాక్టికల్స్‌లో ఒక వ్యక్తిని గూర్చి కేస్ ప్రొఫైల్ వ్రాయవలసి యుండును. ఊరిలో వారిని గూర్చి వ్రాసినయెడల అసలు పేరు పెట్టకూడదు, బయట చెప్పకూడదు. కాపరులమైన మాకు కూడ ఈ నియమము వర్తించును.

మానసిక రుగ్మతల పాఠము వచ్చిన రోజున అమ్మాయి తల్లికి చెప్పలేదు, మా ఇంటికి వచ్చినది. అసాధారణ ప్రవర్తనకు నాలుగు గుర్తులు చెప్పినది: అందరికంటె వేరుగా ఉండుట, బాధ కలిగించుట, పనులు సాగనీయకుండుట, తనకో ఇతరులకో అపాయముగా ఉండుట. తప్పు లేకుండ చెప్పి, కొంతసేపు ఊరుకొని, "అయ్యగారూ, మా పిన్నికి నాలుగూ ఉన్నాయి గదండీ. దయ్యమన్నారు గదా" అన్నది.

మేము ఆ పిన్ని కొరకు రెండేండ్లుగా ప్రార్థించుచున్నాము. డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్ళండని మాత్రము ఒక్కసారియైనను చెప్పలేదు. ఆ అమ్మాయికి ఏమి జవాబు చెప్పవలెనో తోచలేదు. పాఠము చదివిన మాత్రాన రోగమునకు పేరు పెట్టకూడదమ్మా, అది డాక్టరు పని అన్నాము. జనవరిలో ఆమె తండ్రి, మేము కలిసి పిన్నిని జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించాము. మందులు వాడుచున్నది, నిద్ర పట్టుచున్నది. ప్రార్థన మానలేదు. (పరీక్షల భయముతో నలిగిపోవు పిల్లలకైనను, ఇటువంటి ఇబ్బందిలో ఉన్నవారికైనను, ప్రభుత్వము 2022లో పెట్టిన టెలిమానస్ ఫోను నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు.)

2024 మేలో ఫలితములు వచ్చినవి. థియరీలో 70కి 51. తండ్రి మార్కుల కాగితము పట్టుకొని వచ్చి, "అయ్యగారండీ, ఆ సున్నం సంగతి ఏదో పేపర్లో వచ్చిందటండీ" అన్నాడు. ఆ డిసెంబరులో చర్చికి సున్నము వేయు రోజున చూస్తే, ప్రతి గోడమీద సుద్దముక్కతో ఒక్కొక్క ఇంటి పేరు వ్రాసియున్నది. చేతివ్రాత ఆ అమ్మాయిదే. ఉత్తరపు గోడమీద మా పేరు ఉన్నది.